శరదృతువు పూలు, పండుగ మొక్కలు: కడప ప్రాంతంలో తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి మొదలు కార్తిక పౌర్ణమి వరకు మన ఇళ్లలో, గుళ్లలో, అంగళ్లలో పూలు లేని రోజంటూ ఉండదు. కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు, పులివెందుల, జమ్మలమడుగు చుట్టుపక్కల వారు ఈ మూడు నెలల్లో పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఏ సమాధానం చెప్పినా దాని వెనుక ఉన్నది ఒక్క సలహాయే: ఆ నెలలో మన నేలలో పూసేదేమిటో ముందుగా తెలుసుకొని, పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకొని సిద్ధపడాలి. అలా చేసినవారికి ఖర్చు తగ్గుతుంది, పూలు వాడిపోకుండా పండుగ సాగుతుంది.

ఈ కాలంలో మన ప్రాంతంలో సహజంగా ఏ పూలు పూస్తాయి?

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. అప్పటికి నైరుతి వానలు ముగింపుకు వస్తాయి, ఈశాన్య వానలు మొదలవుతాయి, పగటి ఎండ ఇంకా గట్టిగానే ఉన్నా రాత్రులు చల్లబడతాయి. తోటల్లో బంతి, కనకాంబరం, లిల్లీ, నాటు గులాబీ, జాజి, కోడిజుట్టు పువ్వు బాగా వస్తాయి. ఇళ్ల పెరళ్లలో పారిజాతం, నందివర్ధనం, మందారం, గన్నేరు పూస్తాయి. నీరు నిండిన చెరువుల్లో తామర, కలువ ఉంటాయి. చామంతి దసరాకు కొద్దికొద్దిగా మొదలై కార్తికంలో విరగపూస్తుంది. మార్గశిరం దగ్గర పడేసరికి డిసెంబరాలు వస్తాయి.

వీటితో పాటు ఎవరూ నాటకుండానే పూసేవి కూడా ఉన్నాయి. వానలు పడిన ఏడాది పాలకొండల పాదాల్లోను, రోడ్ల పక్కన ఉన్న బీళ్లలోను తంగేడు పచ్చగా విరబూస్తుంది. జొన్న చేల గట్లమీద గునుగు తెల్లగా, లేత గులాబీ రంగులో నిలబడుతుంది. బతుకమ్మ పేర్చే తెలంగాణలో ఈ రెండింటికీ ఎంతో గౌరవం ఉంది. మన వైపు వాటిని అలంకరణకు వాడేవారు తక్కువే కాని, మండపానికి వెనుక తెరగా కట్టడానికి గునుగును మించిన పువ్వు నాకు కనిపించలేదు, ఎందుకంటే అది ఎండినా రూపం చెడదు, రేకులు రాలవు. తంగేడు అలా కాదు, కోసిన రోజే వాడుకోవాలి. రిజర్వు అడవిలో కొమ్మలు నరకకుండా, బీళ్లలోనో గట్లమీదనో యజమానిని అడిగి కోసుకోవడం మర్యాద.

మల్లెల గురించి చాలామంది అడుగుతారు. మల్లె ప్రధానంగా వేసవి పువ్వు. దసరాకు అంగట్లో దొరికినా కొద్దిగానే దొరుకుతుంది, ధర కూడా ఎక్కువగా ఉంటుంది. జడకు ఈ కాలంలో జాజి, కనకాంబరం కలిపి కట్టిన మాల సరిపోతుంది: ఒకదానికి వాసన ఉంది, రెండోదానికి రంగు ఉంది.

దసరాకు, దీపావళికి బంతి పూలు ఇంట్లోనే పూయించుకోవాలంటే ఎప్పుడు విత్తాలి?

బంతికి పండుగ తేదీ నుంచి సుమారు మూడు నెలలు వెనక్కి లెక్క వేయాలి. విత్తనం 5 నుంచి 7 రోజుల్లో మొలుస్తుంది, 25 నుంచి 30 రోజుల నారును నాటుకోవచ్చు, నాటిన తర్వాత మరో 55 నుంచి 60 రోజులకు పూలు కోతకు వస్తాయి. మన పండుగలు చాంద్రమానం ప్రకారం వస్తాయి కాబట్టి నిరుడు విత్తిన తేదీనే ఈ ఏడు కూడా పట్టుకుంటే లెక్క తప్పుతుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. 2026లో జ్యేష్ఠం అధిక మాసం కావడంతో అది అక్టోబరు 20కి జరిగింది. అందువల్ల 2026 దసరా నవరాత్రులు మొదలయ్యే అక్టోబరు 11 నాటికి పూలు కావాలంటే జూలై రెండో వారంలో విత్తాలి. అదే ఏడాది దీపావళి నవంబరు 8న కనుక, దానికి ఆగస్టు మొదటి వారంలో మరొక విడత విత్తుకుంటే సరిపోతుంది.

నాటిన నెల రోజులకు మొక్క కొసను గిల్లివేస్తే పక్క కొమ్మలు వచ్చి పూల సంఖ్య పెరుగుతుంది, కాని పూత వారం పది రోజులు వెనక్కి పోతుంది. ఇది తెలియక ఆలస్యంగా కొసలు గిల్లినవారికి పూలు పండుగ దాటాకే వస్తాయి. సమయం తక్కువగా ఉంటే గిల్లకుండా వదిలేయడమే మంచిది. విత్తనాల ప్యాకెట్ మీద ఎన్ని రోజులకు పూస్తుందో రాసి ఉంటుంది. కొన్ని పొడవు రకాలు నాలుగు నెలల దాకా పూయవు కాబట్టి దానిని చదవకుండా కొనకూడదు.

మడిలో మొక్కకు మొక్కకు మధ్య 40 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. మిద్దె మీద పెంచేవారు 10 నుంచి 12 అంగుళాల కుండీలో ఒక్క మొక్కనే పెట్టాలి, రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. కమలాపురం, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది కనుక బోదెలు ఎత్తుగా తోలి వాటి మీద నాటాలి. యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. అక్టోబరు వానల్లో ముద్దబంతి నీటిని పీల్చుకొని తలబరువుతో వాలిపోతుంది, కాబట్టి మొక్క పక్కన కంది కట్టెనో వెదురు పుల్లనో పాతి వదులుగా కట్టాలి.

నిరుటి దండల్లో ఎండిపోయిన బంతి పూలనుంచి విత్తనం తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కాని దానిమీదే ఆధారపడకూడదు. దండకు కోసే పువ్వు లేతగా ఉండగానే కోస్తారు, లోపలి గింజ పక్వానికి రాదు. పైగా అంగట్లో దొరికే పెద్ద ముద్దబంతుల్లో ఎక్కువ భాగం సంకర రకాలు. వాటి గింజ మొలిచినా తల్లి మొక్కను పోలి పూయదు, కొన్నింట్లో గింజే ఉండదు. నాటు రకం బంతి ఇంట్లో ఉంటే, బాగా పూసిన రెండు మూడు పూలను కోయకుండా మొక్క మీదే పూర్తిగా ఎండనిచ్చి, నల్లటి సన్నని గింజలను కాగితపు పొట్లంలో కట్టి, తేమ తగలని చోట దాచాలి. మరుసటి ఏడాదికే వాడేయడం మేలు, పాతబడిన కొద్దీ మొలక తగ్గుతుంది.

మా చామంతి మొక్క ఏపుగా ఉంది, అయినా దసరాకు పూయలేదు. లోపం ఎక్కడుంది?

బహుశా మొక్కలో లోపం ఏమీ లేదు. చామంతి రాత్రి నిడివిని బట్టి మొగ్గ తొడుగుతుంది: పగలు కురచబడి చీకటి గంటలు పెరిగితేనే పూతకు వస్తుంది. అందుకే చాలా రకాలు నవంబరు నుంచి జనవరి వరకు పూస్తాయి. తొందరగా వచ్చే రకాలే దసరాకు అందుతాయి. మీ మొక్క వీధి దీపం కిందనో, రాత్రంతా వెలిగే బల్బు దగ్గరో ఉంటే దానికి చీకటి చాలదు, దసరా ఏమిటి, దీపావళికి కూడా పూయకపోవచ్చు. కొందరు రైతులు ఈ గుణాన్నే వాడుకొని, చేలో బల్బులు వేలాడదీసి పూతను తమకు కావలసిన తేదీ దాకా ఆపుతారు. కుండీని చీకటి ఉండే మూలకు జరపండి, కార్తికంలో పూస్తుంది.

మా గుమ్మానికి ఎన్ని కేజీల బంతి కావాలి?

పెద్ద ముద్దబంతి కేజీకి సుమారు 100 నుంచి 150 పూలు తూగుతుంది. పువ్వుకు పువ్వు ఆనుకొనేలా గుచ్చితే మీటరు దండకు 35 నుంచి 40 పూలు పడతాయి. మామూలు సింహద్వారానికి పై అడ్డం ఒక మీటరు, రెండు పక్కలా రెండేసి మీటర్లు, మొత్తం 5 మీటర్లు అనుకుంటే 175 నుంచి 200 పూలు కావాలి. అంటే సుమారు కేజీన్నర నుంచి రెండు కేజీలు. వాడినవి, రేకులు రాలినవి పక్కన పెట్టడానికి మరో పావు కేజీ కలుపుకోవాలి.

ఇంత చేయనక్కర లేదని నా అభిప్రాయం. పైన అడ్డంగా మామిడాకు, బంతి ఒకటి విడిచి ఒకటి కట్టి, రెండు వైపులా మూరెడు పొడవున మాత్రమే దండ వేలాడదీస్తే ముప్పావు కేజీతో పని ముగుస్తుంది, ద్వారం కొయ్య చెక్కడం కూడా కనిపిస్తుంది. నారింజ, పసుపు రంగులు రెండూ సమానంగా కలిపితే దూరానికి రంగు తేలిపోతుంది. ఒకటి ఎక్కువగా, రెండోది గుర్తుకు ఒకటిగా ఉండాలి.

పూలు ఎప్పుడు కొనాలి? కొన్నవి వాడకుండా ఎలా ఉంచాలి?

పండుగ ముందు రోజు సాయంత్రం ధర మండిపోతుంది, మిగిలిన సరుకూ నలిగినదే. బంతి, చామంతి రెండు రోజుల ముందే కొని ఉంచుకోవచ్చు, ఎందుకంటే అవి చెడకుండా నిలుస్తాయి. లిల్లీ, గులాబీ ముందు రోజు కొనాలి. జాజి, మల్లె మొగ్గలు ఆ సాయంత్రమే కొని, విచ్చుకోకముందే కట్టాలి. మందారం అంగడి పువ్వు కాదు, చెట్టు దగ్గర తెల్లవారి కోసి ఆ పూటే వాడవలసినది.

కొనేటప్పుడు బంతి పువ్వును తిరగేసి అడుగు చూడాలి. తొడిమ దగ్గర ఆకుపచ్చగా, పొడిగా ఉంటే తాజా పువ్వు; గోధుమ రంగు తిరిగి మెత్తగా ఉంటే ఇంటికి చేరేలోపే కుళ్లు మొదలవుతుంది. అరచేతిలో పెట్టుకుంటే ఉండవలసిన దానికన్నా బరువుగా అనిపించేది నీళ్లు చల్లి తూకం పెంచినది కావచ్చు, వానలో తడిసినది కూడా కావచ్చు. రెండూ నిల్వకు పనికిరావు.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఉంచకూడదు. తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డ మీదనో గోనె పట్టా మీదనో, గాలి ఆడే నీడలో, ఒకే పొరగా పరచాలి. కట్టిన మాలలను అరటి ఆకులో చుట్టితే మర్నాటి దాకా నిగనిగలాడుతూ ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టేవారు పండ్లకు దూరంగా పెట్టాలి, మాగుతున్న అరటి, జామ పండ్లనుంచి వెలువడే వాయువు పూలను త్వరగా ముదరబెడుతుంది. నీళ్లు చల్లడంలో చెయ్యి కాస్త పట్టి ఉండాలి: ముద్దబంతి రేకుల మధ్య నిలిచిన నీరే దానిని కుళ్లబెడుతుంది.

మామిడి తోరణం వారం రోజులు పచ్చగా ఉండాలంటే?

వారం పచ్చగా ఉండదు, కాని వారం తర్వాత కూడా చక్కగా ఉంటుంది, ఎందుకంటే ముదురు మామిడాకు ఎండినా రాలకుండా తాడును పట్టుకొని ఉంటుంది. నిండు ఆకుపచ్చ రంగులో గట్టిగా ఉన్న ఆకులనే తీసుకోవాలి. రాగి రంగు చిగురు ఒక్క పూటలో వాలిపోతుంది. ఆకులను కడిగి తుడిచి, తొడిమను పురికొస మీదుగా మడిచి కొబ్బరి ఈనెతో గుచ్చాలి.

చెట్టు గురించి ఒక మాట చెప్పాలి. ఆకులు కోయండి, కొమ్మలు విరవకండి. అక్టోబరులో కొమ్మ విరిస్తే అక్కడ కొత్త చిగురు వేస్తుంది, చలికాలంలో పూతకు రావలసిన కొమ్మ ఆకు వేయడంలో పడుతుంది. ఒకే చెట్టు మీద వీధంతా పడకుండా రెండు మూడు చెట్లకు పంచుకోవడం మంచిది.

గుమ్మానికి అరటి చెట్లు కట్టడం చెట్టును వృథా చేయడం కాదా?

సరైన చెట్టును ఎంచుకుంటే కాదు. అరటి ఒక్కసారే గెల వేస్తుంది; గెల కోశాక ఆ చెట్టును రైతు ఎలాగూ నరికేస్తాడు. తల్లి చెట్టు పక్కన వచ్చే పిలకల్లో కూడా ఒకటి ఉంచి మిగతావి తీసేస్తారు. పులివెందుల, రైల్వే కోడూరు వైపు అరటి తోటలు విస్తారంగా ఉన్నాయి, అలాంటి పిలకలు, గెల దిగిన చెట్లు అడిగితే దొరుకుతాయి. మొదలును తడి ఇసుక నింపిన బకెట్టులో నిలబెట్టి రోజూ నీళ్లు పోస్తే నవరాత్రుల్లో సగం రోజులకు పైగా నిలుస్తుంది. పండుగ తర్వాత ముక్కలు చేసి పశువులకు వేయవచ్చు.

విజయదశమికి జమ్మి ఆకు కావాలి. జమ్మి చెట్టును ఎలా గుర్తుపట్టాలి?

ఈ ప్రశ్న అవసరమైనది, ఎందుకంటే మన బీళ్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మను చూసి జమ్మి అనుకొని తెచ్చేవారు ఉన్నారు. రెండూ ఒకే కుటుంబంలో దగ్గరి చుట్టాలు, ఆకు తీరు కూడా పోలి ఉంటుంది. ముల్లు చూస్తే తేడా తెలుస్తుంది. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర జంటగా పొడవైన ముళ్లు ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య, కొమ్మ పొడవునా చిన్నవి, మొదట వెడల్పైన ఒంటి ముళ్లు ఉంటాయి. జమ్మి ఆకు కాస్త బూడిద ఛాయ కలిసిన పచ్చదనంతో ఉంటుంది, కాయ సన్నగా వేలాడుతుంది; తుమ్మ కాయ లావుగా, పండితే పసుపుగా ఉంటుంది.

విరాట పర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి ముందు తమ ఆయుధాలను దాచిన చెట్టు ఇదే. శమీ పూజ చేసి, ఆ ఆకును బంగారంగా భావించి పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టడం, చెట్టుకు శమీ శ్లోకం రాసిన చీటీ కట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ జరుగుతున్నాయి. ఆకులు ఎండగానే చిన్న చిన్నవిగా రాలిపోతాయి కనుక ఆ సాయంత్రమే కోయాలి, కొసల్లోని రెమ్మలు మాత్రమే తుంచాలి. జమ్మి చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు. ఒక ఊరికి మిగిలిన ఒక్క చెట్టును ఏటా కొమ్మలు విరిచి మోడు చేస్తున్నచోట, పక్కన ఒక మొక్క నాటడం పూజలో భాగంగా పెట్టుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

వినాయక చవితి పత్రిలో విషపు ఆకులు ఉన్నాయంటారు, నిజమేనా?

నిజమే. ఏకవింశతి పత్రిలో మాచిపత్రి, మారేడు, గరిక, తులసి, మామిడి, దానిమ్మ, మరువం, జాజి, రావి వంటి ఆకులతో పాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. ఉమ్మెత్త కాయ, గింజ, ఆకు అన్నీ విషమే. గన్నేరులో ప్రతి భాగమూ గుండె మీద పనిచేసే విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, వాపు వస్తాయి. పూజ చేయడానికి భయపడనక్కర లేదు. పత్రిని పెద్దవారే తుంచాలి, తర్వాత చేతులు సబ్బుతో కడగాలి, ఈ మూడింటిని ప్రసాదాల పళ్లెం దగ్గర పెట్టకూడదు, పూజ ముగిశాక పశువులకు వేయకూడదు. పచ్చ గన్నేరు కాయలు పిల్లల చేతికి అందకుండా చూడాలి. పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నేల మీద రాలిన పారిజాతాలను పూజకు వాడవచ్చా?

వాడవచ్చు. రాలిన పూలు పూజకు పనికిరావనే నియమానికి పారిజాతాన్ని మినహాయింపుగా పెద్దలు చెబుతారు. ఈ పువ్వు రాత్రి విచ్చుకొని తెల్లవారేసరికి తనంతట తానే రాలుతుంది. పడుకునే ముందు చెట్టు కింద ఉతికిన నూలు చీర పరిస్తే మట్టి అంటకుండా దక్కుతాయి. ఎండ ఎక్కితే నిలవవు, కాబట్టి తెల్లవారుజాము పూజకే అవి తగినవి, తోరణానికి కావు.

అంగట్లో తామరలు ఎప్పుడూ మొగ్గగానే ఉంటాయి. ఇంటికి తెస్తే విచ్చుకోవు, ఎందుకు?

కోసిన తామర మొగ్గ సాధారణంగా తనంతట తాను పూర్తిగా విచ్చుకోదు. బయటి రేకులను ఒక్కొక్కటిగా వెనక్కి మడిచి లోపలికి దోపుతూ చేత్తో విప్పాలి. కాడను నీటిలో ముంచి ఉంచితే ఒక రోజు నిలుస్తుంది.

నవరాత్రులంతా ఉండే మండపానికి, బొమ్మల కొలువుకు ఏ పూలు తగినవి?

ప్రొద్దుటూరు దసరా చూసినవారికి పూలతో ఎంత చేయవచ్చో చెప్పనక్కర లేదు. అక్కడి కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాల అలంకారాలను, రాత్రి మెరవణిని చూడడానికి దూరప్రాంతాల నుంచి జనం వస్తారు. మైసూరు తర్వాత అంతటి దసరా ప్రొద్దుటూరుదేనని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. అంతటి చోట పూలు రోజూ మారతాయి, అందుకు మనుషులూ ఉంటారు. వీధి మండపానికి, ఇంటి కొలువుకు ఆ వీలు ఉండదు కాబట్టి అలంకరణను రెండుగా విడదీసుకోవాలి.

తొమ్మిది రోజులూ కదలకుండా ఉండవలసిన వెనుక భాగానికి ఎండినా చెడనివి వాడండి: గునుగు, కోడిజుట్టు పువ్వు, మామిడాకు, కొబ్బరి మట్టలతో అల్లిన చిలుకలు. రోజూ మార్చవలసిన ముందు భాగం చిన్నదిగా ఉండాలి: అమ్మవారి మెడలో ఒక మాల, పాదాల దగ్గర విడి పూలు. ఈ మాలకు లిల్లీ శ్రేష్ఠం. ఒంటి రేకు లిల్లీకి వాసన ఎక్కువ, మాలకు అది. ముద్ద లిల్లీ కాడతో సహా కూజాలో పెట్టుకోవడానికి. కనకాంబరం తేలికైన పువ్వు కనుక కొలువు బొమ్మల చిన్న దండలకు సరిపోతుంది, బొమ్మ తల వాలదు.

వేడెక్కే ఫోకస్ లైట్లను పూలకు దగ్గరగా పెడితే గులాబీ గంటల్లో నల్లబడుతుంది. ఎల్‌ఈడీ దీపాలు వాడి, కొంత దూరంగా ఉంచాలి. కొయ్య బొమ్మలకు, రంగు వేసిన మట్టి బొమ్మలకు తడి పూలు నేరుగా తగలకూడదు, రంగు ఊడుతుంది.

ఆయుధపూజ నాడు వాహనాలకు, యంత్రాలకు పూలు కట్టడంలో ఏ జాగ్రత్తలు కావాలి?

అద్దానికి అడ్డంగా దండ వేసి బండి నడపకూడదు. లారీ, ట్రాక్టరు ముందు భాగానికి కట్టిన దండ చివరలు ఫ్యాను, బెల్టు వైపు వేలాడకుండా చూడాలి. తిరిగే ఇరుసులకు, కరెంటు స్విచ్చు బోర్డులకు తడి పూలు చుట్టకూడదు. యంత్రం ఆపి, పూజ చేసి, నడిపే ముందు పూలు తీయాలి.

గుమ్మడికాయ దిష్టి తీయడం మన వైపు తప్పనిసరి ఆచారం. అయితే నడిరోడ్డు మీద పగలగొట్టిన ముక్కలు, కుంకుమ నీళ్లు, నిమ్మకాయల వల్ల ద్విచక్ర వాహనాలు జారుతున్నాయి. దిష్టి తీసిన వెంటనే ముక్కలను పక్కకు తీసి నీళ్లు పోయడానికి రెండు నిమిషాలు చాలు. ఎవరి క్షేమం కోసం దిష్టి తీస్తున్నామో వారే ఆ దారిన వెళతారు.

ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి పూలు తేల్చితే ఎన్ని రోజులు ఉంచవచ్చు?

నీళ్లు రోజూ మార్చితే రెండు మూడు రోజులు ఉంచవచ్చు. మార్చకపోతే పూలకన్నా ముందు దోమలు వస్తాయి; ఇది డెంగీ వ్యాపించే కాలం కూడా. కాడ మొత్తం తీసేసి పువ్వును మాత్రమే తేల్చాలి, కాడ కుళ్లే నీటిని చెడగొడుతుంది. చామంతి, ముద్దబంతి తేలినంత చక్కగా గులాబీ రేకులు తేలవు, అవి ఒక చోట ముద్దకడతాయి.

దీపావళి దీపాల దగ్గర పూల దండలు ప్రమాదమా?

తాజా దండ త్వరగా అంటుకోదు. దసరాకో శుక్రవారం పూజకో కట్టి వదిలేసిన ఎండు దండ, దాని నూలు దారం, ప్లాస్టిక్ పూల తోరణం క్షణంలో అంటుకుంటాయి. దీపాలు పెట్టే ముందు పాత తోరణాలన్నీ తీసేయాలి. ప్రమిదకు, వేలాడే దండకు మధ్య కనీసం మూరెడు దూరం ఉండాలి, గాలి వీచే వరండాలో ఇంకా ఎక్కువ ఉండాలి.

కార్తికంలో అలంకరణకు ఏ మొక్కలు కావాలి?

ఈ మాసానికి పూలకన్నా ఆకు, కొమ్మ ముఖ్యం. క్షీరాబ్ది ద్వాదశికి తులసి కోటలో ఉసిరి కొమ్మను నిలిపి పూజ చేస్తారు; కాయలు ఉన్న చిన్న రెమ్మ చాలు. శివుడికి మారేడు దళాలు మూడు ఆకులూ చెదరకుండా ఉండాలి. కోసేటప్పుడు ముళ్లు చూసుకోవాలి. వనభోజనాలకు ఉసిరి చెట్టు నీడ వెతుక్కొని వెళ్లేవారు ఆ చెట్టు మొదట్లో పొయ్యి వెలిగించకూడదు, వేర్లు కాలిపోతాయి. చామంతి చౌకగా, నాణ్యంగా దొరికే నెల ఇదే కాబట్టి దసరాకు ఎక్కువ ధర పెట్టి చామంతి కొనేకంటే, అప్పుడు బంతితో సరిపెట్టుకొని కార్తికంలో చామంతులతో ఇల్లు నింపుకోవడం తెలివైన పని. ఈశాన్య వానలు గట్టిగా పడితే పూల రాక రెండు మూడు రోజులు ఆగిపోతుంది కనుక, పౌర్ణమికి కావలసినవి వాన సూచన చూసుకొని ముందే తెచ్చుకోవాలి.

దర్గా ఉరుసుకు పూల చాదర్ కావాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలి?

కడప పెద్ద దర్గా ఉరుసు హిజ్రీ నెలల ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తూ ఉంటుంది. కొన్ని సంవత్సరాలలో మన పండుగలతో కలిసి వస్తుంది, అప్పుడు గులాబీకి గిరాకీ రెట్టింపు అవుతుంది. చాదర్ అల్లడానికి విడి గులాబీలు ఎక్కువగా కావాలి, చేతిపని కూడా ఎక్కువ. కనీసం మూడు రోజుల ముందు అంగడిలో చెప్పి ఉంచాలి. మడిచి తీసుకెళ్లేటప్పుడు పొరల మధ్య అరటి ఆకు వేస్తే రేకులు నలగవు.

ప్లాస్టిక్ పూలు వాడితే తప్పా? అవి ఏటా పనికివస్తాయి కదా?

ఎండకు రంగు పోయి, దుమ్ము పట్టి రెండో ఏడాదికే అవి చెత్తకుప్పలో పడుతున్నాయి. మన పల్లెల్లో బోరు కింద అరెకరం బంతి, చామంతి వేసుకున్న రైతుకు ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఈ నాలుగైదు పండుగ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజుల్లో ప్లాస్టిక్ తోరణం కొంటే ఆ కుటుంబం కష్టాన్ని కాదన్నట్టే అవుతుంది. పూలకు డబ్బు చాలకపోతే మామిడాకు తోరణం ఒక్కటే కట్టండి, అది దేనికీ తక్కువ కాదు.

బొకేల్లో, దండల్లో చిన్న తెల్లటి పూలు కనిపిస్తున్నాయి. అవి ఏమిటి?

వయ్యారిభామ కావచ్చు. వానల తర్వాత బీళ్లలో, రోడ్ల పక్కన విపరీతంగా పెరిగే ఈ కలుపు మొక్కను కొన్నిచోట్ల పూల మధ్య నింపుడుకు వాడుతున్నారు. దాన్ని పదేపదే తాకితే చర్మం మీద దురద, పొక్కులు వస్తాయి. పుప్పొడి వల్ల కొందరికి ఆయాసం వస్తుంది. అలాంటి పూలను కొనకండి, పిల్లలను కోయనివ్వకండి.

పండుగ తర్వాత వాడిన పూలను ఏమి చేయాలి?

బుగ్గవంకలోనో పెన్నలోనో వేయడం ఆచారంగా వస్తున్నా, వాటితో పాటు నైలాన్ దారం, ప్లాస్టిక్ సంచి, జరీ కాగితం కూడా నీళ్లలోకి పోతున్నాయి. దారం తీసి, పూలను విడదీసి, పెరటిలో గుంత తవ్వి మట్టి, ఎండుటాకులు పొరలుగా వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. దారం ఉన్న దండలను ఆవులకు పెట్టకూడదు, అది కడుపులో చుట్టుకుంటుంది. అంగడి పూల మీద పురుగు మందుల అవశేషాలు ఉండవచ్చు కనుక దారం తీసినా పశువులకు వేయకపోవడమే మేలు, భోజనం వడ్డించే పళ్లేలను కూడా వాటితో అలంకరించకూడదు. మొదటినుంచే నూలు దారం, అరటి నార వాడితే ఈ శ్రమలో సగం తగ్గుతుంది.

కుండీల్లో పెంచిన మొక్కలను పండుగల తర్వాత పీకేయాలా?

బంతిని పీకేయవచ్చు, వాడిన పూలను గిల్లుతూ ఉంటే సంక్రాంతి దాకా పూస్తుంది, ఆ తర్వాత ఉంచినా ప్రయోజనం లేదు. కనకాంబరం రెండు మూడేళ్లు ఉండే మొక్క, కొసలు కత్తిరించి వదలండి. లిల్లీ దుంపలు నేలలోనే ఉండి మళ్లీ పూస్తాయి, మూడేళ్లకు ఒకసారి తవ్వి విడదీయాలి. చామంతిని పూత అయిపోయాక నాలుగు వేళ్ల ఎత్తున కోసి, వేసవిలో నీడకు జరిపి, మట్టి పూర్తిగా ఎండకుండా నీళ్లు పోస్తూ కాపాడాలి. మొదలు చుట్టూ వచ్చిన పిలకలను తొలకరి పడ్డాక, జూన్ చివర గానీ జూలైలో గానీ వేరుతో సహా విడదీసి వేరే కుండీల్లో నాటుకోవాలి.